నీళ్ళ డబ్బాల లెక్క

భీమునిపట్నం,
జులై

అత్తయ్యా,

నీకు చెవులు వినపడకపోవడం వల్ల నాకు ఉత్తరాలు రాసే యోగం పట్టింది. పోస్టాఫీసులో డజను కవర్లు అడిగితే అక్కడి గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు. ఫోన్ చేస్తే వన్ టౌన్ అంతా వినపడేలా "ఆఁ? ఆఁ?" అని అరుస్తావు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. ఇంక కాగితమే గతి.

కొత్త బడి సముద్రం ఒడ్డునే ఉంది. భీమిలిలో గది తీసుకున్నాను, రోజూ ఆటోలో వెళ్ళి వస్తున్నాను. నాన్న గోదావరి నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇన్నేళ్ళయినా మనకి సముద్రమంటే ఆదివారం బీచికి వెళ్ళి మొక్కజొన్న పొత్తులు తినడమే కదా. ఇక్కడ పిల్లలకి సముద్రం ఇంట్లో మనిషి. ఏడు, ఎనిమిది తరగతులకి లెక్కలు నావి, రెంటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్తాను. అందరూ చేపల వేటకి వెళ్ళేవాళ్ళ పిల్లలే.

నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినదానివి, నువ్వే చెప్పు. బీజగణితం అనేసరికి వీళ్ళ ముఖాలు వాడిపోతున్నాయి. 2xలో x బదులు 5 పెట్టమంటే 25 అని రాస్తారు. సమానం గుర్తంటే "ఇక్కడ జవాబు రాయాలి" అనుకుంటారు, రెండు పక్కలా ఒకే బరువని తెలియదు. అదంతా ఏ బడిలోనైనా ఉన్నదే, దిద్దుకుంటాను. నన్ను విసిగిస్తున్నది ఇంకొకటి. కొన్ని లెక్కలు చక్కగా చేస్తూ వస్తారు. నాలుగు తీసేస్తారు, 2x ఎంతో రాస్తారు, తీరా x ఎంతో రాయాల్సిన చివరి పంక్తి దగ్గర పెన్ను కింద పెట్టేస్తారు. క్లాసు మొత్తం! అరిచాను, బతిమాలాను. గోడకి చెప్పినట్టుంది.

ఏదైనా మంత్రం ఉంటే పంపించు.

నీ చంద్రిక

*

వన్ టౌన్, విశాఖపట్నం,
జులై

చంద్రికా,

మంత్రాలు నా దగ్గర లేవు. ఉంటే మీ నాన్నకి ఎప్పుడో లెక్కలు వచ్చేవి.

25 రాసేవాళ్ళని తిట్టకు. అంకె పక్కన అంకె ఉంటే ఇరవై ఐదు అని ఒకటో తరగతి నుంచి మనమే నేర్పాం. ఇప్పుడు అంకె పక్కన అక్షరం ఉంటే గుణించమంటున్నాం. మాట మార్చింది మనం, వాళ్ళు కాదు. సమానం గుర్తుకి చేపల కాటా తీసుకెళ్ళు. పాత తక్కెడ దొరికితే మరీ మంచిది. ఒక పక్క మూత పెట్టిన టిఫిన్ డబ్బా, ఒక పక్క రాళ్ళు. డబ్బాలో ఏముందో చూడకుండా చెప్పమను. x అంటే మూత పెట్టిన డబ్బా, అంతే. భూతం కాదు.

పుస్తకంలో లెక్కలు మానెయ్. రైలు ఇంత వేగంతో వెళ్తే, తోటలో ఇన్ని మామిడి చెట్లుంటే అని వాళ్ళకెందుకు? వాళ్ళ ఇళ్ళలోంచి వాళ్ళనే లెక్కలు తెమ్మను, నోటితో చెప్పమను.

చివరి పంక్తి సంగతి మాత్రం నాకు నచ్చలేదు. ఒకడు రాయకపోతే రాలేదనుకోవచ్చు. క్లాసంతా ఒక్కచోటే ఆగిందంటే రాక ఆగలేదు. ఏ లెక్కల్లో ఆగుతున్నారో, ఏ లెక్కల్లో ఆగడం లేదో చూసి రాయి. నువ్వు చిన్నప్పటి నుంచీ జవాబు చూస్తావు గాని ప్రశ్న సరిగ్గా చదవవు.

మీ అత్తయ్య
గంగాభవాని

*

భీమునిపట్నం,
ఆగస్టు

అత్తయ్యా,

తక్కెడ తెచ్చాను. క్లాసులో చేపల కంపు ఇంకా పోలేదు, అయినా సమానం గుర్తు అర్థమైపోయింది! ఒక పక్క తీస్తే రెండో పక్కా తీయాలని వాళ్ళు నాకే చెప్తున్నారు. నిన్ను ఒప్పుకోవడం నాకు కష్టమే గాని ఒప్పుకుంటున్నాను.

ఇళ్ళలోంచి లెక్కలు తెమ్మంటే పోటీలు పడి తెచ్చారు. ఐసు పెట్టెలు, డీజిలు, వల కట్టడానికి దారం. అందరికంటే ఎనిమిదో తరగతి ఉమామహేష్‌ది ఎక్కువ హడావిడి. నోరు మూసుకోడు, లెక్కలో తప్పూ చెయ్యడు. వాడి చెల్లెలు ఈశ్వరి ఏడులో ఉంది. అది వాడికి పూర్తిగా వ్యతిరేకం, నోరు విప్పదు.

ఉమామహేష్ చెప్పిన లెక్క ఇది. బోటు వేటకి వెళ్ళేటప్పుడు మనిషికి రెండేసి నీళ్ళ డబ్బాలు, వంటకి వేరే నాలుగు వేసుకుంటారు. మొత్తం పద్నాలుగు డబ్బాలు ఎక్కాయి. బోటులో ఎంతమంది? బోర్డు మీద 2x + 4 = 14 అని వాడే రాశాడు. నాలుగు తీసేశాడు, 2x = 10 అన్నాడు. చాక్‌పీసు నా చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాడు!

అప్పుడు తెలిసింది నీ ప్రశ్నకి జవాబు. ఐసు, డీజిలు, దారం అయితే చివరి పంక్తి రాస్తారు. బోటులో మనుషులైతే రాయరు, పుస్తకంలో పడవ లెక్కల దగ్గరా అందుకే ఆగేవారు. ఎందుకురా అంటే క్లాసంతా బల్లల కేసి చూసింది. ఉమామహేషే చెప్పాడు: "సంద్రం మీదికి ఎల్లినోల్ని లెక్కెట్టకూడదు మేడమ్. లెక్కెడితే సంద్రం ఇంటాది." మరి ఎంతమంది వెళ్ళారని ఎవరైనా అడిగితే ఏం చెప్తారంటే "సాలినంత మంది అంటాం" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఇది లెక్కల క్లాసురా నాయనా అని నేనే x = 5 అని పెద్దగా రాశాను. ఎవరూ నవ్వలేదు. ఈశ్వరి లేచి వచ్చి ఆ అయిదుని అరచేత్తో చెరిపేసి వెళ్ళి కూర్చుంది. అంత ధైర్యం దానికి ఎక్కడిదో! ఆ బోటు వీరన్నదట. అందులో వాళ్ళ నాన్న సింహాద్రి ఉన్నాడట, ఆ వేళ వేటలోనే.

ఇక మీదట చివరి పంక్తి లేకపోతే మార్కులు లేవని చెప్పేశాను. ఈ మూఢనమ్మకాలు బడిలో వదిలించకపోతే ఎక్కడ వదిలిస్తాం?

నీ చంద్రిక

*

వన్ టౌన్,
ఆగస్టు

చంద్రికా,

ముందు ఆ మార్కుల మాట వెనక్కి తీసుకో. 2x = 10 దాకా వచ్చిన పిల్లలకి x తెలియదా? తెలిసే ఆగారు. ఆ లెక్కకి పూర్తి మార్కులు వెయ్యి.

నా గుమ్మంలోకి చేపలు తెచ్చే మహేశ్వరిని అడిగాను. తట్టలో చేపలన్నీ గబగబా లెక్కపెట్టే మనిషి. మీ ఆయన బోటులో ఎంతమంది వెళ్తారే అని అడిగేసరికి తట్ట నెత్తి మీద పెట్టేసుకుంది. "అలాగ అడక్కండమ్మా" అని కాగితం మీద రాయించింది, పక్కింటి అమ్మాయి చేత, నాకు వినపడదని. నాలుగు రోజులైంది, మా వీధిలోకి రావడం మానేసింది. నాకు చేపలు లేవు.

నువ్వు నవ్వడం తప్పు. నమ్మకం నిజమని కాదు. మనకి నవ్వు, వాళ్ళకి ఇంటి మనిషి.

ఇంకొకటి. ఒక ఊళ్ళో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని అంకె ఒకటి ఉందంటే, ఆ చాటున ఏదైనా దాచొచ్చు. మంచైనా చెడైనా. నాకెందుకో మనసు బాగా లేదు. పిల్లలు ఏం చెప్తున్నారో విను. చెప్పనివి ఇంకా బాగా విను. ఇది చెవులు లేనిదాని మాట.

మీ అత్తయ్య

*

భీమునిపట్నం,
అక్టోబరు, సోమవారం

అత్తయ్యా,

ఆలస్యానికి తిట్టకు, పరీక్షల్లో మునిగిపోయాను. నీ మాట ప్రకారం మార్కులు వేశాను. అప్పటి నుంచి క్లాసు నాతో బాగానే ఉంది.

ఇక్కడ గాలి మారింది. బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు. ఇంకా హెచ్చరిక జెండా ఎత్తలేదని బోట్లు వెళ్తూనే ఉన్నాయి. పొద్దుటి నుంచి ఆకాశం బూడిద రంగులో ఉంది, పక్షులు ఒడ్డు దాటి లోపలికి వచ్చేశాయి. ఆటోవాడు కూడా మాట్లాడకుండా తోలాడు.

ఉమామహేష్ ఈమధ్య సరిగ్గా రావడం లేదు. వారం రాలేదు, మొన్న శుక్రవారం వచ్చాడు. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. ఏంట్రా అంటే తగరపువలసలో మేనత్త ఇంటికి వెళ్ళానన్నాడు, అక్కడ బావిలో నీళ్ళు తోడానన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. అడక్కుండానే లేచి "లెక్క సెప్తాను మేడమ్" అన్నాడు. మళ్ళీ అదే నీళ్ళ డబ్బాల లెక్క. ఈసారి పదహారు డబ్బాలన్నాడు.

ఎప్పుడూ తప్పు చెయ్యనివాడు బడి మానేసేసరికి మర్చిపోయాడనుకున్నాను. పదహారు కాదురా, పద్నాలుగు అని నేనే కొట్టేసి దిద్దాను. "మీరు ఎంతంటే అంత మేడమ్" అని కూర్చున్నాడు. తర్వాత గంటంతా మాట్లాడలేదు, అదీ వాడు!

ఇవాళ మళ్ళీ రాలేదు. ఈశ్వరిని అడిగితే తగరపువలస అంది. దాని తల్లి సీతాలు బడి గేటు దగ్గర కనపడితే ఆవిణ్ణీ అడిగాను. "మేనత్త ఇంటికి ఎల్లేడు మేడమ్, వత్తాడు" అంది, నా ముఖం చూడకుండా. ఈ మేనత్త ప్రేమ మరీ ఎక్కువైపోతోంది. నీకంటే గట్టిది.

నీ చంద్రిక

*

వన్ టౌన్,
గురువారం

చంద్రికా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. అన్నం పక్కన పెట్టి రాస్తున్నాను.

నువ్వు దిద్దింది తప్పు. పదహారులోంచి నాలుగు తీస్తే పన్నెండు. రెండుతో భాగిస్తే ఆరు. వాడి లెక్క సరిగ్గా తెగింది. ముందు ఐదుగురు, ఇప్పుడు ఆరుగురు. అరచేతులు బావి తాడుకి చీరుకుపోయాయో, వల తాడుకి చీరుకుపోయాయో నాకు తెలియదు గాని, ఆ లెక్క నీకు చెప్పాలని వాడు లేచి నిలబడ్డాడు. నోటితో అనకూడని మాటని డబ్బాల్లో పెట్టి చెప్పాడు. నువ్వు రెండు డబ్బాలు తీసేశావు.

ఆ ఆరోవాడు ఎవరు? బడి ఈడు పిల్లాణ్ణి వేటకి తీసుకెళ్ళకూడదని వీరన్నకి తెలియదా? నువ్వు తగరపువలస వెళ్ళి ఆ మేనత్తని నీ కళ్ళతో చూడు. వెంటనే జవాబు రాయి. ఇక్కడ హార్బరు వైపు గాలికి మా డాబా మీద రేకులు లేచిపోతున్నాయి.

మీ అత్తయ్య

*

భీమునిపట్నం,
సోమవారం సాయంత్రం

అత్తయ్యా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న బడికి చేరింది. వరండాలో నిలబడి చదివాను. చదివాక కూర్చోలేకపోయాను.

నీకు తెలియనిది ముందు చెప్తాను. గురువారం, నువ్వు ఆ ఉత్తరం రాసిన రోజే, వీరన్న బోటు గాలికి తిరగబడింది. శుక్రవారం వేరే బోటువాళ్ళు ఐదుగురిని ఒడ్డుకి తెచ్చారు. ఊరంతా ఏడుస్తూ నవ్వుతూ ఒడ్డు మీదే ఉంది, నేనూ ఉన్నాను. మెరైన్ పోలీసు ఎస్సై గురునాథరావు వచ్చి ఎంతమంది వెళ్ళారని అడిగితే వీరన్న "అందరూ వచ్చేసేరు సార్" అన్నాడు. ఎస్సై ఐదు అని రాసుకుని వెళ్ళిపోయాడు. నాకూ ఐదే గుర్తు. బోర్డు మీద నేను రాసిన ఐదు.

ఉమామహేష్ తండ్రి సింహాద్రి ఆ ఐదుగురిలో ఒకడు. ఇంటికి వెళ్ళకుండా ఇసకలో కూర్చుని సముద్రం వైపే చూస్తున్నాడు. పాపం, భయపడ్డాడనుకున్నాను. శని, ఆదివారాలు ఊళ్ళో బోట్లన్నీ ఆ గాలిలోనే వెళ్ళాయట. ఏం చేస్తున్నారని అడిగితే "వలలు ఎతుకుతన్నాం" అన్నారట. ఇవన్నీ చూసీ వినీ నాకు అనుమానం రాలేదు అత్తయ్యా!

ఇవాళ నీ ఉత్తరం పట్టుకుని సీతాలు ఇంటికి పరిగెత్తాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గోడ దగ్గర నాలుగు కంచాలు పెట్టి ఉన్నాయి. "తగరపువలస" అంది. ఆటో కట్టించుకుని తగరపువలస వెళ్ళాను. మేనత్త బజారులో కూరలు అమ్ముతోంది. వినాయకచవితి తర్వాత వాణ్ణి చూడలేదంది. తిరిగి వచ్చి సీతాలుని పట్టుకుని అడిగాను. తలుపు వేసేసుకుంది. తలుపు వెనక నుంచే అంది: "లెక్కెట్టకండి మేడమ్! లెక్కెట్టీసేరంటే మరి రాడు. ఇప్పుడిదాకా ఎవులూ అన్నేదు, అందుకే ఎక్కడో ఉన్నాడు."

గురునాథరావుని బడికి పిలిపించాను. 2x + 4 = 16 అని బోర్డు మీద రాసి చూపించాను. నేను ఎంత వెర్రిదానిలా కనపడ్డానో నాకే తెలుసు. ఆయన మర్యాదగానే అన్నాడు, "మేడమ్, పిల్లాడి లెక్క చూపించి నేను కోస్ట్ గార్డుని ఎలా అడగను? వీరన్న ఐదంటున్నాడు, ఆ తండ్రి నోరు విప్పడం లేదు. ఇంట్లోవాళ్ళలో ఒక్కరినైనా చెప్పమనండి."

ఈశ్వరి వెనక బెంచీలో ఉంది. నేను దాని దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. నువ్వు చెప్తే వెతుకుతారమ్మా, చెప్పకపోతే వెతకరు అన్నాను. "నాను సెప్తే సంద్రం ఇంటాది మేడమ్" అంది. సముద్రానికి చెవులు లేవు, ఈ సారుకి ఉన్నాయి అన్నాను. లేచి నిలబడింది. ముందు బోర్డు దగ్గరికి వెళ్ళి చాక్‌పీసుతో చివరి పంక్తి రాసింది. తర్వాత ఎస్సై వైపు తిరిగి "ఆరుగురు సార్. మా అన్న" అంది.

క్లాసులో పిల్లలంతా చెవులు మూసుకున్నారు.

మధ్యాహ్నం నుంచి వెతుకుతున్నారు. ఒక హెలికాప్టర్ కూడా వెళ్ళింది. పోస్టు డబ్బా మూసేలోగా ఇది వేసేస్తాను. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియడం లేదు.

చంద్రిక

*

భీమునిపట్నం,
శనివారం

అత్తయ్యా,

మంగళవారం పొద్దున్న దొరికాడు. బతికి లేడు.

ఉత్తరాన చాలా దూరంలో ఒక ట్రాలర్ వాళ్ళకి కనపడ్డాడు. రెండు ఖాళీ నీళ్ళ డబ్బాలు నడుముకి కట్టుకుని ఉన్నాడు. మనిషికి రెండు. వాడి రెండూ వాడి దగ్గరే ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. వీళ్ళలో ఎవరికీ అడిగే ఓపిక లేదు. ఆయన చెప్పింది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడు గురువారం పోలేదు. శుక్రవారం కూడా పోలేదు. సోమవారం సాయంత్రం దాకా బతికే ఉండొచ్చన్నాడు. అన్ని రోజులు ఆ రెండు డబ్బాలు పట్టుకుని నీళ్ళ మీద ఉన్నాడు అత్తయ్యా, వాడి వయసు పదమూడేళ్ళు. శుక్రవారం ఎస్సై అడిగినప్పుడు ఎవరైనా ఆరు అని ఉంటే దొరికేవాడు. నేను పదహారుని పద్నాలుగు చెయ్యకుండా ఉండుంటే, ఆ ఆరు నేనే అనేదాన్ని.

బయటికి వచ్చేసరికి ఈశ్వరి మెట్ల మీద ఉంది. తండ్రి పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అది నన్ను ఒక్కటే అడిగింది: "నాను సోమారం మధ్యానం సెప్పేను. మా అన్న ఎప్పుడు పోయేడు మేడమ్?"

ఏం చెప్పను? సోమవారం అంటే, నేను లెక్కపెట్టాను, సముద్రం వింది, అన్న పోయాడు అనుకుంటుంది. బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. గురువారమే అని చెప్పాను. బోటు తిరగబడినప్పుడే, నొప్పి తెలియకుండా పోయాడని చెప్పాను.

అది గట్టిగా ఊపిరి పీల్చుకుంది. సింహాద్రి కూడా విన్నాడు. అప్పుడు ఏడ్చాడు, శుక్రవారం నుంచి మొదటిసారి. నా జీవితంలో ఇంత మంచి అబద్ధం ఆడలేదనిపించింది. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు చెప్పు, తప్పు చేశానా?

చంద్రిక

*

వన్ టౌన్,
మంగళవారం

చంద్రికా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఆ లెక్క నేను ఒక్క నిమిషంలో చేశాను, నీకు అందడానికి సోమవారం అయింది. పక్కింటి అమ్మాయి చేత ఒక ఫోన్ చేయించొచ్చని నాకు తట్టలేదు. ఉత్తరానికి ఉత్తరమే జవాబనుకున్నాను. నాకు అలవాటు అలాంటిది. వాళ్ళకి వాళ్ళ అలవాటు. కాబట్టి నేను నీ మీద పెద్దరికం చెయ్యను. అడిగావు గనక నాకు తోచింది చెప్తాను.

నీ అబద్ధం ఈశ్వరిని కాపాడింది. సింహాద్రిని కాపాడింది. నిన్ను నువ్వు కాపాడుకోవడానికి ఆడలేదు, అది నాకు తెలుసు. ఇంకెవరిని కాపాడిందో కూడా చూడు. శుక్రవారం ఒడ్డు మీద నిలబడి "అందరూ వచ్చేసేరు" అన్న వీరన్నని. గురువారమే పోయాడంటే ఆయన మాట వల్ల నష్టమేమీ లేనట్టే కదా. వీరన్నకి మళ్ళీ బోటు ఉంటుంది. ఆ బోటులో ఇప్పుడు ఒక మనిషి చోటు ఖాళీ.

ఆ పిల్లకి ఇవాళే చెప్పమనను. ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుంది. తెలిసినప్పుడు మాత్రం ఆగకు.

నా దగ్గరున్న చిన్న ఫోను బాగు చేయించాను. గట్టిగా మోగేలా పెట్టించాను. నీ మాట వినపడకపోయినా సరే, చెయ్యి.

మీ అత్తయ్య

*

భీమునిపట్నం,
నవంబరు

అత్తయ్యా,

నువ్వు అన్నదే జరిగింది. అంత తొందరగా జరుగుతుందనుకోలేదు.

మొన్న బుధవారం ఎనిమిదో తరగతిలో గణేష్ రాలేదు. ఉమామహేష్ పక్కన కూర్చునేవాడు. ఎక్కడికి వెళ్ళాడంటే వెనక నుంచి ఎవరో "మేనత్త ఇంటికి మేడమ్" అన్నారు.

ఈశ్వరిని అడిగాను, వీరన్న బోటులో ఇవాళ ఎంతమంది వెళ్ళారమ్మా అని. నా వంక తేటగా చూసింది. "సాలినంత మంది మేడమ్" అంది. నువ్వు ఆ వేళ చెప్పావు కదా అన్నాను. "సెప్పినా సెప్పకపోయినా ఒకటే కదా మేడమ్. మా అన్న గురువారమే పోయేడు కదా. మా అమ్మ నన్ను తిడతంది, ఊరికే అనేసేనని."

అదీ నా మంచి అబద్ధం చేసిన పని.

ఆ పిల్లని వరండాలోకి తీసుకెళ్ళాను. డాక్టరు చెప్పినదంతా చెప్పాను. నేను అబద్ధం ఆడానని చెప్పాను, పదహారుని పద్నాలుగు చేసింది నేనేనని కూడా చెప్పాను. అది ఏడవలేదు. "శుక్రారం సెప్పుంటే బతికీవోడా?" అంది. బతికేవాడమ్మా అన్నాను. "మా నాన్నకి తెలుసా?" అంది. తెలియదన్నాను. తర్వాత, ఎవరో పాఠం అడిగితే చెప్పినట్టు, "ఆరుగురు మేడమ్. గణేష్‌తోటి" అంది.

గురునాథరావుకి ఫోన్ చేశాను. ఈసారి ఆయన ప్రశ్నలు వెయ్యలేదు. సాయంత్రానికి వీరన్న బోటుని వెనక్కి తిప్పించారు. గణేష్ దిగాడు. వాడి తల్లి వాణ్ణి కొట్టింది, తర్వాత నన్ను చూసి ఉమ్మింది. వీరన్న మీద కేసు పెట్టారు. ఆ బోటు ఇప్పుడు వాళ్ళ తమ్ముడి పేరు మీద తిరుగుతోంది.

ఈశ్వరి ఆ రోజు నుంచి బడికి రావడం లేదు, నాతో మాట్లాడడం లేదు. రోజూ తెల్లవారుతూనే ఒడ్డుకి వెళ్తోందట. బోట్లు నీళ్ళలోకి తోసే చోట నిలబడి, ఎక్కేవాళ్ళని వేలు పెట్టి చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెడుతోందట. ఆడవాళ్ళు దాని మీద ఇసక పోస్తున్నారు. మగవాళ్ళు తల తువ్వాలుతో ముఖం కప్పుకుని ఎక్కుతున్నారు. దాన్ని చూసి రెండు బోట్లు వేట మానుకుని వెనక్కి వెళ్ళిపోయాయట. సీతాలు ఇంట్లోకి రానివ్వడం లేదు, పెద్దమ్మ వాకిట్లో పడుకుంటోంది. ఈ పిల్లని ఏదో ఒకటి చేసేస్తారని గణేష్ నాకు రహస్యంగా చెప్పాడు.

సింహాద్రి మళ్ళీ వేటకి వెళ్తున్నాడు. కొడుకు ఎప్పుడు పోయాడో అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. గణేష్ చెప్పిందేమిటంటే, ఆ మనిషి ఒక్కడే ముఖం కప్పుకోడట. బోటు అంచు మీద చెయ్యి వేసి, కూతురి నోటి వెంట తన అంకె వచ్చేదాకా ఆగి, అప్పుడు ఎక్కుతాడట.

రేపు పొద్దున్న నేను కూడా వెళ్ళి దాని పక్కన నిలబడతాను. ఆ వేళకి బస్సు లేదు, ఆటో మాట్లాడుకున్నాను. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, ఇవాళే విశాఖ వెళ్తున్న మా బడి టీచరు చేతికిస్తాను, రాత్రికి నీకు అందుతుంది. ఎనిమిది గంటలకి నీకు ఫోన్ చేస్తాను. మోగితే చాలు, ఎత్తక్కర్లేదు. మోగకపోతే మాత్రం ఉత్తరం కోసం చూడకు, వెంటనే గురునాథరావుకి చెప్పించు. ఆయన నంబరు ఈ కవరు వెనక రాశాను.

చంద్రిక